ఫిల్టర్లు యాడికీ పోలేదు
డిజిటల్ కెమెరాలు వచ్చినాక కలర్ ఫిల్టర్లతో (ఒక రంగు వెలుగునే పోనిచ్చే అద్దాలు) పనే లేదు, బ్లాక్ అండ్ వైట్‌కి ఎర్ర ఫిల్టర్ కూడా కొనక్కర్లేదు, అంతా సాఫ్ట్‌వేరే చేస్తాది అని ఒకరు పోస్టులో రాశారు, అది సగమే నిజం. కెమెరాలో వెలుగును పట్టే సెన్సార్‌కి సొంతంగా రంగు తెలీదు, వెలుగు ఎంత పడిందో అంతే తెలుస్తాది, అందుకే దానిపైన ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్ గళ్ళు పరిచింటారు, ఇది ఫిలిం కంపెనీ కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్‌కి 1976లో పేటెంట్ వచ్చిన పద్ధతి, నాలుగు గళ్ళల్లో రెండు ఆకుపచ్చవే. ఎల్‌సీడీ స్క్రీన్‌లోనూ వెనక వెలిగే బ్యాక్‌లైట్ ముందర ఆ మూడు రంగుల ఫిల్టర్లే. బ్లాక్ అండ్ వైట్‌కి ఎర్ర ఫిల్టర్ కొనక్కర్లేదు అన్నది మాత్రం ఒప్పుకుంటా, గండికోటలో తీసిన కలర్ ఫోటోలో రెడ్ ఛానెల్ (ఎరుపు వెలుగు ఎంత పడిందో ఆ లెక్క) ఒక్కటే తీసుకుంటే చాలు, ఆకాశం నల్లబడి ఎర్రబండలు తెల్లగా తేల్తాయి. కానీ పెన్నా నీళ్ళ మీద తళతళ పోవాలంటే పోలరైజర్ పెట్టాల్సిందే (అది లెన్స్ ముందర పెట్టి తళతళను ఆపే అద్దం, కలర్ ఫిల్టర్ కాదులెండి), ఆ మెరుపు కిందుండేది ఫోటోలోకే రాకపోతే ఇంక యాప్ యాడ నుంచి తెస్తాది.