పల్ప్ దిగుమతి తగ్గితే చెట్టుకు ఊరటేనా?

కాగితానికి ముడిసరుకు కలప గుజ్జు, అంటే పల్ప్. ఆసియా ఖండం దిగుమతి చేసుకునే ఈ గుజ్జు లెక్క అంటే చాలావరకు చైనా లెక్కే. అక్కడి కస్టమ్స్ గణాంకాల్లో 2017లో సుమారు 2.4 కోట్ల టన్నులున్న పల్ప్ దిగుమతి, 2020కి 3 కోట్లు దాటింది. 2023లో 3.6 కోట్ల పైకి ఎగబాకి, 2024లో కాస్త దిగింది. ఆ దిగడం చూసి, ఇక డిమాండ్ చల్లబడిందని, అడవుల మీద ఒత్తిడి కూడా తగ్గుతుందని అనేవాళ్లున్నారు. నాకైతే ఆ లెక్క నమ్మబుద్ధి కావడం లేదు.

అసలు దిగుమతి అంతలా ఎందుకు పెరిగింది? జనం ఎక్కువ చదివేసి, రాసేసి కాదు. ఒకప్పుడు చైనా ఏటా రెండున్నర కోట్ల టన్నులకు పైగా వేస్ట్ పేపర్‌ను అమెరికా, యూరప్, జపాన్‌ల నుంచి తెచ్చుకునేది. ఆన్‌లైన్‌లో కొన్న ప్రతి వస్తువు చుట్టూ ఉండే అట్టపెట్టెకు అదే ముడిసరుకు. 2017లో ఆంక్షలు ప్రకటించి, 2021 జనవరి నాటికి ఆ దారిని పూర్తిగా మూసేశారు. అయినా అట్టపెట్టెల వాడకం ఆగదు కదా. మిల్లులు కొంత, నేరుగా చెట్ల నుంచి తీసిన కొత్త గుజ్జు వైపు మళ్లాయి. ఇంకొన్ని కంపెనీలు మలేషియా లాంటి చోట్ల ప్లాంట్లు పెట్టి, వేస్ట్ పేపర్‌ను అక్కడే గుజ్జు చేసి చైనాకు పంపడం మొదలుపెట్టాయి. చెత్తగా రాకూడనిది గుజ్జుగా వస్తే అభ్యంతరం లేదు! కస్టమ్స్ వాళ్ల పల్ప్ అంకెలో ఇదీ కలిసే ఉంటుంది. కాబట్టి పెరిగిన ప్రతి టన్నూ కొత్తగా కొట్టిన చెట్టు కాదు.

తగ్గుదలకూ అదే సూత్రం వర్తిస్తుంది. గ్వాంగ్‌షీ, ఫుజియాన్ తీరాల్లో చైనా కంపెనీలు సొంతంగా పెద్ద పల్ప్ మిల్లులు కట్టుకున్నాయి. ఇందులో ఆర్థికం చాలా సూటిగా ఉంది. బ్రెజిల్ మిల్లు గుజ్జును వేడి పెట్టి ఆరబెట్టి, పలకలుగా కోసి, బేళ్లు కట్టి ఓడ ఎక్కిస్తుంది. నెలకు పైగా ప్రయాణించి చైనాలోని చింగ్‌డావో రేవులో దిగిన ఆ బేళ్లను కొన్న కాగితం మిల్లు, మళ్లీ నీళ్లలో నానబెట్టి చిలుకుతుంది. గుజ్జు, కాగితం ఒకే ప్రాంగణంలో తయారైతే ఆరబెట్టే ఖర్చూ లేదు, నానబెట్టే పనీ లేదు. పైగా రసాయన పద్ధతిలో ఎండు చెక్కలో దాదాపు సగమే గుజ్జవుతుంది. మిగతాది నల్లటి ద్రావణంగా బాయిలర్‌లో మండి మిల్లుకు ఆవిరి, కరెంటు ఇస్తుంది. మరి చెక్క ఎక్కడిది? 2017 నుంచి చైనాలో సహజ అడవుల్లో వాణిజ్యపరంగా చెట్లు కొట్టడం నిషిద్ధం. సొంత తోటల కలప చాలదు. అందుకే వియత్నాం నుంచి తుమ్మజాతి అకేసియా చిప్స్, అంటే చిన్న చెక్క ముక్కలు, ఓడల కొద్దీ వస్తున్నాయి. పల్ప్ దిగుమతిలో ఒక టన్ను తగ్గి, దాని బదులు రెండు టన్నులకు పైగా ఎండు చిప్స్ దిగితే ఊరట ఎవరికి?

అమ్మేవాళ్లు మాత్రం ఈ మార్పును ఆలస్యంగా గమనించినట్టున్నారు. లాటిన్ అమెరికాలో జామాయిల్ ఆరేడేళ్లకే కోతకొస్తుంది. ఆ ధీమాతోనే ఉరుగ్వేలో ఫిన్లాండ్ కంపెనీ యూపీఎం 2023లో ఏటా 21 లక్షల టన్నుల గుజ్జు తీసే మిల్లు తెరిచింది. బ్రెజిల్‌లోని రిబాస్ దొ రియో పార్దోలో అక్కడి కంపెనీ సుజానో 2024లో 25.5 లక్షల టన్నుల మిల్లు నడపడం మొదలుపెట్టింది. 2022లో చైనాలో టన్ను 800 డాలర్లు దాటిన జామాయిల్ గుజ్జు, మరుసటి ఏడు మధ్యకల్లా 500 దరిదాపులకు పడింది. 2023లో దిగుమతులు రికార్డు కొట్టడానికి ఈ చవకే ఒక ముఖ్య కారణం. ధర పడినప్పుడు కొని గోదాముల్లో నింపుకున్నవాళ్లు తర్వాతి ఏడాది తక్కువ కొనడంలో వింతేముంది?

పొడవు పీచు గుజ్జు సంగతి వేరు. పైన్, స్ప్రూస్ చెట్ల నుంచి వచ్చే ఈ రకం కాగితానికి చిరిగిపోని బలమిస్తుంది. ఉత్తర దేశాల్లో ఆ చెట్టు ఎదగాలంటే దశాబ్దాలు పడుతుంది, కాబట్టి ఆసియా తీరాన ఎన్ని మిల్లులు కట్టినా కెనడా, ఫిన్లాండ్, రష్యా, చిలీల మీద ఆధారం తప్పదు. షాంఘై ఎక్స్ఛేంజ్ 2018లో పల్ప్ ఫ్యూచర్స్ (ముందే ధర కుదుర్చుకుని తర్వాత సరుకిచ్చే ఒప్పందాల వ్యాపారం) మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్నదీ ఈ రకాన్నే. కెనడాలో కలప కొరతతో మిల్లులు మూతపడుతుంటే ఆసియాలో కొనేవాళ్లకు టెన్షన్ పెరగడం సహజం. భారత్ మిల్లులు జామాయిల్, సుబాబుల్, సరుగుడు కలపతో నెట్టుకొస్తున్నా, పొడవు పీచు కోసం అవీ బయటికే చూస్తాయి.

అంతర్జాతీయ కస్టమ్స్ పట్టికలో గుజ్జు 47వ అధ్యాయంలో, చిప్స్ 44వ అధ్యాయంలో ఉంటాయి. మొదటిదొక్కటే తెరిచి ఆసియా ఆకలి తగ్గిందని తేల్చేవాళ్లు రెండోదాన్నీ దాని పక్కన పెట్టి కూడాలి. ఆ కూడిక చేస్తే, వియత్నాం రైతు అకేసియాను దుంగ కట్టేదాకా ఆగకుండా నాలుగైదేళ్లకే చిప్స్‌కు ఎందుకు అమ్మేస్తున్నాడో కూడా అర్థమవుతుంది.