తిండి పెంచితే నేరమా?

సరస్సులో నాచు తక్కువ. దాన్ని తినే పురుగులు తక్కువ. ఆ పురుగుల్ని తినే చేపలు ఇంకా తక్కువ. ఇంత వెనకబాటుతనాన్ని చూస్తూ ఊరుకోవడం అభ్యుదయం కోరేవాళ్లకు తగదు కాబట్టి, నీళ్లలో పోషకాలు కుమ్మరించి అందరి కడుపూ నింపాలని నేను సవినయంగా ప్రతిపాదిస్తున్నాను. దీనికి అడ్డు తగిలిన పెద్దమనిషి జీవావరణ శాస్త్రవేత్త మైకేల్ రోజెన్‌జ్వైగ్. మేత పెంచితే తినేవాడూ తినబడేవాడూ కలిసి మునుగుతారని ఆయన 1971లోనే లెక్క కట్టి చూపించాడు.

మేత పెరగగానే పురుగులు పెరుగుతాయి. వాటిని చూసి వేటాడేవి సంతానాన్ని పెంచుకుంటాయి. కొన్నాళ్లకు తినేవి ఎక్కువై, తినడానికేమీ మిగలక మాడి చస్తాయి. అప్పుడు పురుగులు తేరుకుంటాయి, కథ మళ్లీ మొదలు. సరస్సు ఎంత సంపన్నమైతే ఈ ఊగిసలాట అంత పెద్దది. ఏదో ఒక ఊపులో ఒకరి సంఖ్య సున్నాకు దిగుతుంది, ఇక లేవదు. పేదరికంలో ఎలాగో నెట్టుకొచ్చినవాళ్లు ఐశ్వర్యం వచ్చాక పోయారన్నమాట. అభివృద్ధి వ్యతిరేకులు ఎక్కడైనా ఉంటారు.

మరుసటి ఏడు రాబర్ట్ మే అనే శాస్త్రవేత్త ఇంకో బాంబు పేల్చాడు: జాతులూ వాటి మధ్య లంకెలూ పెరిగేకొద్దీ వ్యవస్థ నిలకడ తగ్గుతుందట. ఆయన తన లెక్కల్లో లంకెల్ని ఎటుపడితే అటు వేసి చూశాడు. వేల జాతులతో హాయిగా బతుకుతున్న అడవులు మాత్రం ఈ సిద్ధాంతాన్ని బాహాటంగా ఉల్లంఘిస్తున్నాయి. ఇంతవరకు వాటిపై ఏ చర్యా లేదు.

అడవి చేస్తున్న మోసం ఏమిటని ఆరా తీస్తే బయటపడింది సైజు. ఎవరు ఎవర్ని తినాలన్నది అక్కడ లాటరీ తీసి నిర్ణయించరు. చాలాచోట్ల పెద్దది చిన్నదాన్ని తింటుంది. ఒంటి బరువు పదివేల రెట్లు పెరిగితే గ్రాముకయ్యే శక్తి ఖర్చు దాదాపు పదో వంతుకు పడిపోతుంది. దీని మూలసూత్రం శరీరధర్మ శాస్త్రవేత్త మాక్స్ క్లైబర్ 1932లో చెప్పిందే. చుంచెలుక రోజూ ఇంచుమించు తన బరువంత తినాలి. భారీ జంతువుకు అంత ఆత్రం లేదు, మేత కాస్త పెరగగానే గంపెడు పిల్లల్ని కనేయదు. జీవావరణ శాస్త్రవేత్త ఉల్రిక్ బ్రోస్ బృందం 2006లో ఆహార జాలకాల (ఎవరు ఎవర్ని తింటారో చూపే అల్లికల) గణిత నమూనాల్లో ఇదే చూసింది: వేటాడేది తన ఎర కంటే బరువుగా ఉండేకొద్దీ నిలకడ పెరుగుతుంది. వెన్నెముక లేనివాటికి సుమారు పది రెట్లు, చేపల్లాంటివాటికి వంద రెట్లు ఉంటే చాలు. ఆ తేడా ఉన్నప్పుడు జాతులు పెరిగినా జాలకం కూలదు. సమానత్వం కోరే నాబోటివాళ్లకు మింగుడుపడని సంగతి ఇది.

అదృష్టవశాత్తూ మానవజాతి ఈ అన్యాయాన్ని సరిదిద్దే పనిలోనే ఉంది. పొలాల ఎరువు కొట్టుకొచ్చి నీళ్లను సంపన్నం చేస్తోంది. మరోపక్క వలలు ముందుగా పెద్ద చేపల్నే ఏరుతున్నాయి. రెండు పనులూ ఒకే నీళ్లలో జరుగుతున్నా, చూసే శాఖలు వేరు కాబట్టి నష్టం ఎవరి నివేదికలోనూ కనిపించదు. ఎరువుల లెక్కలో దిగుబడి పెరిగింది. చేపల లెక్కలో కూడా సంఖ్య తగ్గలేదు, కాకపోతే కొలబద్దే కాస్త చిన్నది తీసుకోవాల్సి వచ్చింది.