రూజ్‌వెల్ట్ కాదు, రోజవెల్ట్

అమెరికాకు ఇద్దరు అధ్యక్షులను ఇచ్చిన ఒక డచ్ ఇంటిపేరును మన పత్రికలు ఇప్పటికీ ‘రూజ్‌వెల్ట్’ అనే రాస్తున్నాయి. ఇంగ్లీషులో రెండు ‘ఓ’లు పక్కపక్కన కనబడితే ‘ఊ’ అని చదివే అలవాటు వల్ల వచ్చిన పొరపాటిది. 1901 నుంచి 1909 వరకు అధ్యక్షుడిగా ఉన్న థియోడర్ తన ఇంటిపేరును మూడక్షరాలుగా ‘రోజవెల్ట్’ అని పలకాలని, మొదటి భాగం గులాబీకి ఇంగ్లీషులో వాడే ‘రోజ్’ లాగే వినబడాలని ఒక లేఖలో స్వయంగా వివరించారు. ఆ మాటను మనం మన్నించాలి, ఎందుకంటే ఆ ఇంటిపేరు పుట్టుక అంతా ఆ ‘ఓ’లోనే దాగి ఉంది.

డచ్ భాషలో జంట ‘ఓ’ పలికేది దీర్ఘమైన ‘ఓ’గానే. ‘రోస్’ అంటే గులాబీ, ‘వెల్ట్’ అంటే పొలం. 17వ శతాబ్దం మధ్యలో డచ్ వలసగా ఉన్న న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌కు, అంటే నేటి న్యూయార్క్‌కు, చేరుకున్న ఈ వంశ మూలపురుషుడి పూర్తి పేరు క్లాస్ మార్టెన్‌సెన్ వాన్ రోజెన్‌వెల్ట్. ‘మార్టెన్‌సెన్’ అంటే మార్టెన్ కొడుకు. అది తండ్రి పేరును చెప్పేదే తప్ప తరతరాలకు దిగే ఇంటిపేరు కాదు. ‘వాన్ రోజెన్‌వెల్ట్’ అంటే గులాబీ పొలం అనే చోటి నుంచి వచ్చినవాడు. కందుకూరు నుంచి వచ్చినవారిని ‘కందుకూరి’వారు అన్నప్పుడు మన ‘రి’ చేసే పనినే అక్కడ ‘వాన్’ చేస్తుంది. జర్మన్ ‘ఫాన్’ను చూసి దీన్ని కూడా కులీనుల గుర్తుగా భావించేవారున్నారు గానీ, డచ్ వాడుకలో రైతుకైనా కూలివాడికైనా ‘వాన్’ ఉండవచ్చు.

క్లాస్ కొడుకు, 1658లో పుట్టిన నికొలస్ తరంలో ‘వాన్’ రాలిపోయి, నేటి అక్షరక్రమం స్థిరపడింది. అప్పటికి, 1664లోనే, ఊరు ఇంగ్లీషువారి చేతికి పోయింది. నెదర్లాండ్స్‌లో ఎన్నో కుటుంబాలు నెపోలియన్ 1811 శాసనం వచ్చాక గానీ శాశ్వతమైన ఇంటిపేరు నమోదు చేసుకోలేదు; సముద్రం దాటిన ఈ కుటుంబం అంతకు వందేళ్ల ముందే ఆ పని పూర్తిచేసింది. నికొలస్ కొడుకుల్లో యోహానెస్ శాఖ నుంచి థియోడర్, యాకోబస్ శాఖ నుంచి ఆ ఇంటిపేరున్న రెండో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ వచ్చారు. థియోడర్ తమ్ముడి కూతురు ఎలినార్ 1905లో ఫ్రాంక్లిన్‌ను పెళ్లాడినప్పుడు ఆమెకు ఇంటిపేరు మార్చుకునే అవసరమే రాలేదు.

పేరు ప్రఖ్యాతమయ్యాక దానికి ఘనమైన పూర్వీకులను వెతికిపెట్టే ప్రయత్నాలు మొదలయ్యాయి. నెదర్లాండ్స్‌లోని జీలాండ్ రాష్ట్రపు టోలెన్ ద్వీపంలో అదే పేరుతో భూస్వాములు ఉండేవారు కాబట్టి క్లాస్ వారి బిడ్డేనని కొందరు రాశారు, కానీ ఆ బంధాన్ని నిరూపించే పత్రం లేదు. పేరులో పోలిక ఉన్నంత మాత్రాన రక్తసంబంధం ఉన్నట్టు కాదు. గులాబీ పొలాలు ఎన్ని ఊళ్లలో లేవు? మరోవైపు, ఇది ‘రోజెన్‌ఫెల్ట్’ అనే యూదుల పేరేనని ఫ్రాంక్లిన్ శత్రువులు ప్రచారం చేశారు. 1935లో ఒక యూదు పత్రిక సంపాదకుడు ఇదే విషయం అడిగితే, క్లాస్ హాలండ్‌లో ఏ ఊరివాడో, తల్లిదండ్రులెవరో తనకు తెలియదని ఫ్రాంక్లిన్ నేరుగా జవాబిచ్చారు. తన పూర్వీకులు యూదులో, కేథలిక్కులో, ప్రొటెస్టెంట్లో అయి ఉండవచ్చని, వారు మంచి పౌరులుగా, దైవభక్తులుగా ఉన్నారా అన్నదే తనకు ముఖ్యమని కూడా రాశారు.