గ్యాస్ లేని చాయ్

మా అక్క బిడ్డకు నెలన్నర. అక్కకు పాలు చాలట్లేదని డాక్టర్ డబ్బా పాలు రాసిచ్చినప్పటి నుంచి నల్గొండలో మా ఇంటికి రాత్రనేదే లేదు. పాప గటగటా తాగుతుంది, కాసేపటికే కాళ్లు కడుపులోకి ముడుచుకుని వీధి చివరి దాకా వినపడేలా ఏడుపు అందుకుంటుంది. "గ్యాసే" అని తేల్చింది నాయినమ్మ. వాము నీళ్లు పట్టిద్దామంది. ఆరు నెలల దాకా పాలు తప్ప ఇంకేదీ వద్దన్నారని అమ్మ అడ్డం పడింది.

శనివారం హైదరాబాద్ నుంచి బావ దిగాడు. అక్క సీసాను పైకీ కిందకీ ఊపుతుంటే చూసి, పైన తేలిన నురగను వేలితో చూపించాడు. "బిడ్డకు పాలు కాదు, గోలీ సోడా తాగిస్తున్నరు." మాట నిజమే. నురగంటే గాలే, అది పాలతో పాటు కడుపులోకే పోతుంది.

అల్లుడికి ఎదురు చెప్పే ఆచారం మా ఇంట్లో లేదు కాబట్టి వంటిల్లు ఆయన చేతికి పోయింది. బోరు నీళ్లా, నల్లా నీళ్లా అన్నది మొదటి ప్రశ్న. నల్గొండలో ఇది ఊరికే అడిగేది కాదు. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరినకొద్దీ దాని మోతాదు ఇంకా పెరుగుతుంది. కృష్ణా నీళ్లొచ్చే నల్లా కిందే గిన్నె పెట్టించాడు. పొడిలో క్రిములుంటే చావాలని, నీళ్ల వేడి 70 డిగ్రీల కంటే తగ్గకముందే కలపాలన్నాడు. పొయ్యి మీంచి దించి అరగంట దాటకుండా ఫోన్‌లో అలారం. ముందు నీళ్లు, తర్వాత పొడి. మా డబ్బా లెక్క 30 మిల్లీలీటర్లకు ఒక చెంచా. చెంచా మీద గుట్టగా నిలిచిన పొడిని చాకు వెనకవైపుతో గీసి సమం చేస్తుంటే అమ్మ ఊపిరి బిగబట్టి చూసింది.

సీసాసీసాకూ నురగ గొడవెందుకని, రోజుకు సరిపడా పాలు ఒకేసారి స్టీలు చెంబులో మెల్లగా తిప్పి కలిపి, చల్లార్చి, మూతేసి ఫ్రిజ్‌లో పెట్టాడు. 24 గంటల్లో వాడెయ్యాలట. చెంబు మీద చీటీ అంటిద్దామంటే, "ఇంట్లో అందరికీ తెలుసు కదరా" అన్నాడు.

దేవరకొండ నుంచి బత్తాయిల సంచితో తెల్లారేసరికి దిగిన పెద్దనాయిన, పెద్దమ్మలకు మాత్రం తెలియదు. తలుపు తీసి నాయినమ్మ స్నానానికి పోయింది. మేమంతా జాగారం చేసి పడి ఉన్నాం. "పండుకోనియ్యిండ్రి పాపం" అంటూ పెద్దమ్మే చాయ్ పెట్టింది. ఫ్రిజ్‌లో చెంబు నిండా పాలు. మీగడ లేదు, పల్చగా ఉన్నాయని కాస్త అల్లం ఎక్కువ దంచిందట. పక్కనే డబ్బా ఉన్నా అనుమానం రాలేదు. దాని మీద పసిపిల్లల బొమ్మ వెయ్యకూడదని 1992 నాటి చట్టం ఉంది మరి. ఆమె కాఫీ పొడి అనుకుంది.

అందరం తాగాం. "అత్తమ్మా, చాయ్ మస్తుంది" అని బావే అడిగి ఇంకో గ్లాసు పోయించుకున్నాడు. అంతలో పాప లేచింది. బావ ఫ్రిజ్ తీశాడు, మూశాడు, మళ్లీ తీశాడు.

"చెంబేది?"

"తోమనీకి ఏసిన బిడ్డా, పాలన్నీ అయిపోయినయ్."

బావ చేతిలోని గ్లాసు వైపు చూశాడు. అక్క బావ వైపు చూసింది. పెద్దనాయిన మాత్రం అడుగున మిగిలిన గుక్క కూడా వదలలేదు.

పాప ఏడుపుకి బావకు టెన్షన్ ఎక్కింది. కొత్తగా సీసా కలిపి, నిన్నటి పాఠం మొత్తం మర్చిపోయి, అక్క కంటే గట్టిగా ఊపాడు. సగం సీసా నురగే. నాయినమ్మ తడి జుట్టుతోనే వచ్చి సీసా లాక్కుంది. నురగ దిగి, పాలు గోరువెచ్చనయ్యేదాకా ఎవరు అరిచినా కదల్లేదు. తర్వాత పాప తల ఎత్తి పట్టుకుని, పాలపీక నిండా పాలు ఉండేలా సీసా వంచి పట్టింది. మధ్యలో ఆపి భుజాన వేసుకుని వీపు నిమిరితే, చీర మీద కాసిని పాలు కక్కి, పెద్దవాళ్లు సిగ్గుపడేంత తేన్పు తేన్చింది పాప.

సాయంత్రం దేవరకొండ నుంచి పెద్దనాయిన ఫోన్. చాయ్ తాగితే చాలు కడుపు ఉబ్బే మనిషి, పొద్దున్నించి హాయిగా ఉన్నాడట.

"అల్లుడా, గా పాలు ఏ డెయిరీవి? మాకూ రోజుకు లీటరు ఏయించుకుందమని."

బావ ఏమీ మాట్లాడకుండా ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు.