రక్షకభట వ్యాకరణం

శ్రీకాకుళం జిల్లాలో ఒక పోలీస్ స్టేషన్ గోడకి కొత్త ఫ్లెక్సీ కట్టారు. పోలీసులూ ప్రజలూ పరస్పరం గౌరవించుకోవాలట. ఫ్లెక్సీ కింద ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఖాళీగా. కుర్చీ పక్కన మా వీధి తాత, నిలబడి. వయసు 71. పొలంలో మోటారు పోయింది. రాగితీగ కోసం ఎవరో ఎత్తుకుపోయారు.

"ఏట్రా నీ గొడవ?" అన్నాడు రైటరు. ఈయన వయసు తాత పెద్ద మనవడి వయసు.

తెలుగు వ్యాకరణంలో నువ్వు, మీరు అన్నవి మనిషిని బట్టి మారతాయి. రక్షకభట వ్యాకరణంలో బండిని బట్టి మారతాయి. నడిచొస్తే 'ఒరేయ్'. సైకిలైతే 'ఏయ్'. బైకైతే 'నువ్వు'. కారు దిగితే 'మీరు'. ఆ కారు తెల్లదై, అద్దానికి స్టిక్కర్ ఉంటే సర్వనామంతో పనే లేదు, సెల్యూటే. నాది ఇస్త్రీ చొక్కా కాబట్టి మొదట 'చెప్పండి' దక్కింది. కాళ్లకున్న హవాయి చెప్పులు చూశాక అది 'చెప్పు'కి దిగింది.

మా ఉత్తరాంధ్రలో 'ఒరే' అంటే ప్రేమేనని కొందరు సమర్థిస్తారు. నిజమే. మా అమ్మమ్మ కూడా నన్ను ఒరే అనే పిలిచేది. అన్నం పెట్టడానికి పిలిచేది.

ఇంతలో ఒక లీడర్ గారి బావమరిది వచ్చాడు. కేసేం లేదు, ఊరికే వచ్చాడు. కుర్చీని గుడ్డ పెట్టి తుడిచారు. టీ వచ్చింది. ఒక గుక్క తాగి, పంచదార తగ్గిందన్నాడు. అంతే, స్టేషన్ కదిలింది. హోంగార్డు పరిగెత్తాడు. టీ కుర్రాణ్ని ఘటనా స్థలానికి తీసుకొచ్చారు. గ్లాసు స్వాధీనం చేసుకున్నారు. కుర్రాడు నేరం ఒప్పుకున్నాడు. నాలుగు నిమిషాల్లో రెండో టీ వచ్చి కేసు మూతపడింది. దొంగతనం ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టులో అయిదుగురు జడ్జీలు 2013లోనే తేల్చారు. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం 173వ సెక్షన్ ప్రకారం కాపీ కూడా ఉచితంగా ఇవ్వాలి. పంచదార గురించి ఏ సెక్షన్‌లోనూ లేదు.

మనం తక్కువ తిన్నామా? విజయనగరం సిరిమానోత్సవం నాడు చూడండి. పొద్దుట్నుంచి ఎండలో తాడు పట్టుకుని నిలబడ్డ కానిస్టేబుల్ మొహం మీదకి ఒకడు ఫోన్ తోస్తాడు. "నేనెవరో తెలుసా? ఇదిగో, మాట్లాడు." హోంగార్డైతే ఆ ఫోన్ కూడా దండగే, చేత్తో పక్కకి నెట్టి పోవడమే. ఆ హోంగార్డునే ఎస్సై 'ఏరా' అంటాడు. పైనుంచి పడ్డ ఆ 'ఏరా'ని అతను ఎక్కడ దించుకోవాలి? నడిచొచ్చినవాడి నెత్తిన.

మళ్లీ తాత దగ్గరికి వద్దాం. "రాత్రి మోటారు కాడ పడుకోకుండా ఇంట్లో ఎందుకు తొంగున్నావురా?"

తాత చేతులు కట్టుకున్నాడు. "తప్పయిపోనాది బావూ."

ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు, ఏమనుకోకండి. తప్పెవరిది? సొత్తు పోయినవాడు దొంగలా చేతులు కట్టుకుని క్షమాపణ చెప్పాలా? గంటన్నర! మోకాళ్లు వణుకుతుంటే, పక్కనే కుర్చీ ఉండగా, గంటన్నర నిలబెట్టారు ఆ మనిషిని. కూర్చో అనడానికి ఏ చట్టం కావాలి? ఎవడి అనుమతి కావాలి? సిగ్గులేదా అని అరవాలనిపించింది. అరవలేదు. బయట నా బైక్‌కి ఇన్సూరెన్స్ అయిపోయి ఉంది.

చివరికి ఎఫ్ఐఆర్ కాపీ చేతికొచ్చింది. గేటు దాటాక తాత దాన్ని అటూ ఇటూ తిప్పి నాకిచ్చాడు. ఆయనకి చదువు రాదు. ఏటి రాసినారో చదవమన్నాడు. ఫిర్యాది పేరు ముందు 'శ్రీ' అని ఉంది. చదివాను.

"శ్రీయా? నాకే?"

"నీకే తాతా."

తాత కాసేపు ఆ కాగితం వంక చూశాడు. "మరొక్కపాలి సదవరా నానా" అన్నాడు.