మిద్దె మీద సోలార్ ఎవరింటికి గిట్టుతుంది?

పోయినేడాది మే నెల, అనంతపురంలో మా ఇల్లు. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు అమ్మ తడి టవలు మెడకు చుట్టుకుని హాల్లో ఫ్యాన్ కింద కూర్చుని ఉంది. ఎదురుగా గోడకు నేను కొనిచ్చిన ఏసీ. "ఎందుకమ్మా వేసుకోలేదు?" అంటే, "ఒక నెల వేసినాం నాయనా, బిల్లు రెండు వేలు దాటింది. మీ నాయన ఊరుకోడు" అంది. బిల్లు నేను కడతానంటే వినే మనుషులు కారు వాళ్లు. మనలో చాలామంది ఇళ్లలో ఇదే కథ.

అందుకే డిసెంబరులో మిద్దె మీద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టించాం. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మనుషులు ఉండి, ఏసీ వాడే ఇంటికి తప్పకుండా పెట్టించండి. తాళం వేసిన ఇంటికి మాత్రం వద్దు.

ఆంధ్రలో ఇంటి కరెంటు స్లాబుల్లో నడుస్తుంది. మొదటి 30 యూనిట్లకు యూనిట్‌కు 1.90, అక్కణ్ణుంచి 75 దాకా 3 రూపాయలు. 225 దాటితే 8.75, 400 దాటితే 9.75. నెలకు 100 యూనిట్లు కాల్చే ఇంటికి కరెంటు ఖర్చు 300 రూపాయల చిల్లరే. వాళ్లు సోలార్‌కు లక్ష పోయడం దండగ. అదే 350 యూనిట్లయితే మిగతా చార్జీలు కాకుండానే 2,100 అవుతుంది. సోలార్ పై స్లాబు నుంచి కోసుకుంటూ వస్తుంది, అంటే ముందు మిగిలేవి 8.75 రూపాయల ధర పడే యూనిట్లే.

మాకు రెండు లక్షల దాకా అయింది. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద 78,000 సబ్సిడీ వచ్చింది. మూడు కిలోవాట్లకు మించి ఎంత పెట్టించినా సబ్సిడీ అంతే, కాబట్టి గొప్పకు పోయి పెద్దది వేయించకండి. మన ఎండకు రోజుకు సగటున 12 యూనిట్లు వస్తాయి. వేసవిలో ఉన్నంత వాడకం ఏడాదంతా ఉండదు కనుక, పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఆరేడేళ్లు అని లెక్క వేసుకున్నాను. ప్యానెళ్లు పాతికేళ్లు పనిచేస్తాయి. ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టర్ మాత్రం మధ్యలో ఒకసారైనా మార్చాలి, ఆ ఖర్చు ఇప్పుడే కలుపుకోండి. తాళం వేసిన ఇంట్లో అయితే యూనిట్లన్నీ గ్రిడ్‌కే, అంటే కరెంటు కంపెనీ లైన్లకే పోతాయి. మిగులు యూనిట్‌కు ఇచ్చే ధర మనం కట్టే పై స్లాబు ధరకు దరిదాపుల్లో ఉండదు. పైగా దుమ్ము తుడిచే దిక్కుండదు.

దుమ్ము చిన్న విషయం కాదు. ఆషాఢం గాలికి మా ప్యానెళ్లు రెండు వారాల్లో ఎర్రమట్టి రంగుకు తిరుగుతాయి. నాయన పొద్దున్నే, అద్దం వేడెక్కకముందే, పాత పంచె తడిపి తుడుస్తాడు. బోరు నీళ్లు వాడితే తెల్లటి చారలు కడతాయని తాగే నీళ్లే అర బకెట్ తీసుకుంటాడు. ఎండ ముదిరితే కరెంటు ఎక్కువొస్తుందని ఆయన అనుకున్నాడు, కానీ ప్యానెల్ వేడెక్కితే ఉత్పత్తి తగ్గుతుంది. మాకు మేలో కన్నా మార్చిలోనే ఎక్కువ యూనిట్లు వచ్చాయి. ఇంకొకటి, బ్యాటరీ లేకపోతే కరెంటు పోయినప్పుడు సోలార్ కూడా ఆగిపోతుంది. పెద్దవాళ్లకు ఇది ముందే చెప్పండి.

పర్యావరణం మాటకొస్తే, మన సీమ ఇళ్లలో రాత్రి వెలిగే దీపాల వెనక ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రం బొగ్గు కూడా ఉంది. సోలార్ పెట్టినంత మాత్రాన రాత్రి కరెంటు మారదు. అందుకే అమ్మ మోటారు, వాషింగ్ మెషీన్ పదకొండు దాటాకే వేస్తోంది. ప్యానెల్ తయారీకి పట్టిన శక్తి మన ఎండకు ఒకటి రెండేళ్లలోనే తీరిపోతుంది. కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు దాదాపు ఆరు వేల ఎకరాలు తీసుకుంది. మిద్దెకు సెంటు భూమి అక్కర్లేదు. ఫ్రేము మాత్రం తల తగలనంత ఎత్తులో కట్టించండి. మా అమ్మ వడియాలు, చెనక్కాయలు ఇప్పటికీ దాని కిందా పక్కనే ఆరబోస్తోంది.

సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు సోలార్‌కు అర్జీ పెట్టే ముందు మీటరు ఎవరి పేరున ఉందో చూడండి. మాది తాత పేరు మీదే ఉండింది, ఆయన పోయి పద్నాలుగేళ్లయింది. పేరు మార్పించడానికే మాకు రెండు నెలలు పట్టింది.