ఐజీఎంపీ స్నూపింగ్ ఆపేయమనే ఆ మెసేజ్ తప్పు

శ్రీకాకుళం, విజయనగరం కేబుల్, సీసీటీవీ పనివాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "లాడ్జిల్లో ఐపీటీవీ పెడితే స్విచ్‌లో ఐజీఎంపీ స్నూపింగ్ ఆఫ్ చేసేయండి. ఆన్‌లో ఉంటే నాలుగు నిమిషాలకే టీవీ ఆగిపోద్ది, నెట్ స్లో అవుద్ది. గిగాబిట్ స్విచ్‌కి దాని అవసరమే లేదు" అని. ఐపీటీవీ అంటే నెట్‌వర్క్ కేబుల్ మీద వచ్చే టీవీ, స్విచ్ అంటే ఆ కేబుళ్లన్నీ కలిపే పెట్టె. కొత్త కుర్రాళ్లు ఇదే నమ్మి సెట్టింగులు మార్చేస్తున్నారు, అందుకే రాస్తున్నాను.

నాలుగు నిమిషాలకు ఆగే మాట నిజమే, కానీ తప్పు స్నూపింగ్‌ది కాదు. స్నూపింగ్ అంటే ఇదీ: ఏ పోర్టులోని సెట్‌టాప్ బాక్సు ఏ ఛానల్ అడిగిందో స్విచ్ విని, పట్టికలో పెట్టుకుని, ఆ పోర్టుకే ఆ స్ట్రీమ్ పంపుతుంది. అయితే "ఇంకా కావాలా?" అని నెట్‌వర్క్‌లో ఎవరో ఒకరు, మామూలుగా 125 సెకన్లకోసారి, అడుగుతూ ఉండాలి. ఆ పని చేసేది క్వెరియర్. అది లేకపోతే బాక్సు మళ్లీ జవాబు చెప్పదు. దాదాపు 260 సెకన్లకు స్విచ్ ఆ పోర్టును పట్టికలోంచి తీసేస్తుంది, బొమ్మ ఆగుతుంది. ఛానల్ మారిస్తే వచ్చి, కాసేపటికి మళ్లీ పోతుందంటే క్వెరియర్ లేదేమో ముందు చూడండి. మల్టీకాస్ట్ (ఒకే స్ట్రీమ్‌ను అడిగినవాళ్లందరికీ పంపే పద్ధతి) రౌటర్ లేనిచోట మెయిన్ స్విచ్‌లో క్వెరియర్ ఆన్ చేసి, టీవీలున్న వీలాన్‌కి (స్విచ్‌లో విడిగా పెట్టిన నెట్‌వర్క్ భాగానికి) ఐపీ అడ్రస్ ఇవ్వండి.

గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) మాటకొస్తే, అరసవల్లిలో ఒక లాడ్జి అనుకుందాం. 40 ఛానళ్లు, ఒక్కోటి 4 ఎంబీపీఎస్, మొత్తం 160. స్నూపింగ్ ఆపితే ఆ 160 మొత్తం ప్రతి పోర్టుకీ పోతుంది. చాలా సెట్‌టాప్ బాక్సుల పోర్టు 100 ఎంబీపీఎస్సే! చూసేది ఒక్క ఛానలే అయినా బొమ్మ గళ్లుగళ్లుగా విరుగుతుంది. రథసప్తమికి గదులు నిండినా, ఒక్క టీవీయే ఆన్‌లో ఉన్నా లెక్క మారదు. అదే వీలాన్‌లో వైఫై ఉంటే ఇంకా ఘోరం, మల్టీకాస్ట్‌ను వైఫై సాధారణంగా తక్కువ స్పీడులోనే పంపుతుంది.

నెట్ స్లో అవుతుందనడం ఉత్త మాట. యూట్యూబ్ యూనికాస్ట్, అంటే అడిగిన ఒక్కరికే విడిగా వెళ్లేది, స్నూపింగ్ దాని జోలికే పోదు.

స్నూపింగ్ ఉంటే ఫోన్‌లోంచి టీవీ కనిపించడం లేదన్న ఇంకో ఫిర్యాదులో మాత్రం కొంత నిజం ఉంది. ఫోన్ టీవీని వెతికే పనిలో కొంత 239.255.255.250 అనే మల్టీకాస్ట్ అడ్రస్ మీద నడుస్తుంది, క్వెరియర్ లేకపోతే అదీ తెగుతుంది. 224.0.0తో మొదలయ్యే అడ్రసులకు పంపేవి మాత్రం స్నూపింగ్ ఉన్నా అన్ని పోర్టులకీ వెళ్లాలి.

పని అప్పగించే ముందు ఒక టీవీని ఒకే ఛానల్‌లో పది నిమిషాలు వదిలేయండి. ఖాళీ పోర్టులో ల్యాప్‌టాప్ పెట్టి వైర్‌షార్క్ (పోర్టులోకి వచ్చే డేటా చూపించే సాఫ్ట్‌వేర్) తెరవండి. వేరే టీవీల్లో చూస్తున్న ఛానళ్లు అందులోకి వరదలా వస్తుంటే స్నూపింగ్ పనిచేయడం లేదన్నమాట.